సోమిద ముక్క

ఒరేయ్ చిన్నోడా, ఆగాగు. ఆ ముక్క మంటలో పడెయ్యకు. ఇలా తే నా దగ్గరికి.

కొబ్బరి మట్టలున్నాయి, తాటాకులున్నాయి, సరుగుడు పుల్లలున్నాయి, అవి ఎన్నైనా తగలెయ్యండి. ఇది మన రాములవారి గుడి పాత ద్వారబంధం తాలూకు ముక్క. మొన్న కొత్త గుమ్మం ఎత్తినప్పుడు దీన్ని ప్రహరీ పక్కన పారేశారు. పట్టుకు చూడు, మూరెడు లేదు, చెయ్యి కిందికి లాగేస్తోంది. గోరు గుచ్చు. దిగిందా? దిగదు. ఆ విరిగిన చోట టార్చి వెయ్యి. ఎండిన కాచు రంగు, నడుమ నడుమ నల్లటి జీర. ఎన్నేళ్ళుగానో వానకు తడిసింది, ఎండకు కాగింది, చెద ముట్టుకోలేదు. దీన్ని సోమిద అంటారు.

చలి గట్టిగానే ఉంది ఈ ఏడు. భోగికి ఇంకా మూడు రోజులుండగానే ఇంతమంది దిగారు, సంతోషం. దగ్గరికి జరగండి. సినిమా కబుర్లు రేపు చెప్పుకుందురుగాని. ఇవాళ ఈ ముక్క ముచ్చట చెబుతాను. మధ్యలో లేచిపోయినవాడికి జీళ్ళు లేవు.

మా మామ్మ ఉండేది. నా చిన్నప్పుడు, అంటే 1940ల చివర్లో, మన ఊళ్ళో చలిజ్వరం రాని ఇల్లు లేదు. అదెలా ఉంటుందో మీకు తెలీదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మంచమేసి, నాలుగు దుప్పట్లు కప్పినా మంచం కోళ్ళు టకటకలాడేవి. రెండు గంటలు పోయాక ఒళ్ళు పెనంలా కాలేది. ఆపైన చెమటలు పోసి, మనిషి లేచి కూర్చుని చద్దన్నం అడిగేవాడు. హమ్మయ్య అనుకుంటే, ఒకరోజు విడిచి మళ్ళీ అదే వేళకి, చెప్పి వచ్చే చుట్టంలా వచ్చేది.

కొండల మీద నుంచి కుంకుళ్ళు, అడ్డాకులు దింపే మనుషులు సంతకి వచ్చేవాళ్ళు. మామ్మ వాళ్ళ దగ్గర సోమిద బెరడు కొనేది. డబ్బులివ్వడం నేను చూళ్ళేదు, శేరున్నర నూకలు కొలిచి పోసేది. బెరడు పైన బూడిదరంగు, పగుళ్ళు. లోపలి వైపు ఇదిగో, ఇదే ఎరుపు. దాన్ని కచ్చాపచ్చాగా దంచి, కుండలో నీళ్ళుపోసి, నాలుగో వంతు మిగిలేదాకా మరిగించి, గ్లాసుడు నా నోట్లో పోసేది. దాని ముందు వేపాకు చక్కెర పొంగలి. బెల్లంముక్క చేతిలో పెట్టుకుని కూర్చునేది, మింగితేనే ఇస్తానని.

తగ్గేదా అంటారా? కొందరికి తగ్గేది. వాళ్ళకి దానంతటదే తగ్గిందేమో కూడా. బోటనీ చదువుకున్నవాణ్ణి, మామ్మ మీద ప్రేమకొద్దీ అబద్ధం చెప్పలేను. మా తమ్ముడొకడు పోయాడు, వాడూ ఆ కషాయం తాగినవాడే. తర్వాత ఆస్పత్రిలో కొయినా మాత్రలు ఇచ్చారు. 1953 నుంచి గవర్నమెంటువాళ్ళు మలేరియా కార్యక్రమం మొదలెట్టి, గోడలకి డీడీటీ కొట్టి, తలుపు పక్కన తారీఖు రాసి పోయేవారు. జ్వరాలు తగ్గాయి. సోమిద బెరడు కొనేవాళ్ళూ తగ్గారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన సామర్లకోటలో ఒక దొర ఉండేవాడు. విలియం రాక్స్‌బర్గ్. 1781లో వచ్చాడు. కంపెనీ సైన్యంలో వైద్యుడు. వైద్యుడికి మొక్కలతో ఏం పని అంటావేమో అమ్మడూ, నువ్వు మెడిసిన్ చదువుతున్నావు కాబట్టి నీకే చెబుతున్నాను విను. అప్పుడు డాక్టరంటే సగం మొక్కలవాడే. మందుల షాపు తోటలోనే ఉండేది. ఇటలీలో పాదువా అని ఊరుంది, అక్కడి విశ్వవిద్యాలయం 1545లో తోట వేసింది వైద్య విద్యార్థులకి మందు మొక్కలు గుర్తుపట్టడం నేర్పడానికే. ఎడింబరోలో 1670లో తోట వేసింది ఇద్దరు డాక్టర్లు. రాక్స్‌బర్గ్ చదివింది ఆ ఎడింబరోలోనే, జాన్ హోప్ అనే గురువు దగ్గర. ఆయన మెడికల్ స్టూడెంట్లని తోటలో నిలబెట్టి పాఠం చెప్పేవాడు. నేను కాలేజీలో ముప్పైనాలుగేళ్ళు బోటనీ చెప్పాను. బైపీసీ పిల్లలందరూ డాక్టర్లు కావాలనేవాళ్ళు, మొక్కల పాఠం మొదలవగానే జువాలజీ నోట్సు తీసేవాళ్ళు. హోప్‌గారికి ఆ బాధ లేకపోయి ఉంటుంది.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట వేశాడు. రాజమహేంద్రవరం ఎగువ కొండల్లో అడవి మిరియాల తీగ దొరికితే తెచ్చి పాకించాడు. కాఫీ, దాల్చినచెక్క పెట్టాడు. కంపెనీకి లాభం కావాలిగా మరి. అది దాచాల్సిన సంగతేమీ కాదు, జీతమిచ్చేవాడు వ్యాపారి. అంకుడు చెట్టు ఆకుతో నీలిమందు తీయొచ్చని చూపించాడు. అంకుడంటే ఏది? నీ చేతిలో ఆ ఏటికొప్పాక బొంగరం ఉందే, ఆ కర్ర.

ఆయనకంటే ముందు కోనిగ్ అని ఇంకొకాయన. లిన్నేయస్ శిష్యుడు. అంటే మొక్కలకి రెండు మాటల పేరు పెట్టడం లోకానికి నేర్పినాయన దగ్గర నేరుగా చదువుకున్నవాడు. ఆయన 1785లో జబ్బుపడి పోయింది మన కాకినాడ జగన్నాథపురంలో. దగ్గరుండి వైద్యం చేసింది రాక్స్‌బర్గే. జగన్నాథపురం వంతెన మీద రోజూ మీ బస్సు వెళుతుంది, మీలో ఎవరికైనా తెలుసా ఈ మాట? నాకూ చాలా ఏళ్ళదాకా తెలీదులెండి.

1787 మేలో కోరంగి ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు, అప్పటిదాకా పోగుచేసిన ఎండు మొక్కలు అన్నీ ఉప్పునీళ్ళ పాలయ్యాయి. ఇంకొకడైతే మూటకట్టుకుని ఓడెక్కేవాడు. ఈయన మళ్ళీ మొదలెట్టాడు. ఆ వెనకే కరువు. 1790 అటూ ఇటూ మన సర్కారు జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయిన కరువది. కాలవగట్ల వెంట కొబ్బరి, పనస, తాడి, అరటి, సీమపనస పెట్టండి, వాన పడని ఏడు కూడా తిండి దొరుకుతుందని ఆయన కంపెనీకి రాశాడు. రోజుకి మూడుసార్లు ఎండ, గాలి, వాన కొలిచి పుస్తకంలో రాసుకున్న మనిషి. ఊరికే రాయలేదా ముక్క.

ఇప్పుడు బొమ్మల మాట చెబుతాను. నాకు ఈ కథలో ఇష్టమైంది ఇదే.

రాక్స్‌బర్గ్ ఒక దేశవాళీ చిత్రకారుణ్ణి జీతానికి పెట్టుకున్నాడు. కొమ్మ విరిచి తేగానే, వాడిపోకముందే, ఉన్నదున్నంత కొలతలో బొమ్మ వేయాలి. ఆకు ముందువైపు, వెనకవైపు. పువ్వు విప్పి కేసరాలు విడిగా, కాయ కోసి గింజ విడిగా. చిత్రకారుడు గీస్తుంటే దొర పక్కన కూర్చుని వర్ణన రాసేవాడు. ఆ మొక్కని ఈ ఊళ్ళో ఏమంటారు, దేనికి వాడతారు అని కనబడ్డవాణ్ణల్లా అడిగేవాడు. కొండవాళ్ళని, కాపులని, వడ్రంగులని. చెప్పిన మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాడు. అలా 500 బొమ్మలు లండన్ పంపితే, జోసెఫ్ బ్యాంక్స్ అనే పెద్దమనిషి అందులోంచి 300 ఏరాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అని పేరు. కోరమాండల్ తీరం అంటే ఇంకెక్కడో కాదర్రా, మన కాకినాడా, కోరంగీ ఉన్న తీరమే.

ఆ పుస్తకంలో రాక్స్‌బర్గ్ పేరుంది. బ్యాంక్స్ పేరుంది. రాగిరేకు మీద చెక్కినవాడి పేరుంది. గీసినవాడి పేరు మాత్రం లేదు. కొండ మీద నుంచి కొమ్మ తెచ్చినవాడి పేరు ఎటూ ఉండదు. నాకు ఇప్పటికీ మండుతుంది ఆ సంగతి.

మొదటి సంపుటంలో 17వ బొమ్మ ఈ సోమిద. స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా అని పేరు పెట్టాడు. ఫెబ్రిఫ్యూగా అంటే జ్వరాన్ని తరిమేది. సర్కారు కొండల్లో పెరిగే పెద్ద మాను, ఈ దేశంవాళ్ళు దీన్ని మించిన చేవగల కర్ర లేదంటారు, గుళ్ళలో చెక్కపనికి వాడతారు అని రాశాడు. చిన్నోడా, నీ ఒళ్ళో ఉన్న ముక్క గురించి రాశాడాయన, రెండువందల ముప్పై ఏళ్ళ కిందట. బెరడు చేదని, జ్వరానికి పనిచేస్తుందని ఎడింబరో పంపాడు. దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా బెరడు ఖరీదెక్కువ కదా, దాని బదులు ఇది పనికొస్తుందేమోనని ఆశ. అక్కడ ఆండ్రూ డంకన్ అనే కుర్రాడు దీని మీదే థీసిస్ రాసి 1794లో డాక్టరయ్యాడు. లాటిన్‌లో రాసిన ఆ థీసిస్ పేరులో ఒక మాట ఉంటుంది. సోయ్‌మిడా. మన సోమిదే. తర్వాత వృక్షశాస్త్రజ్ఞులు మొత్తం ప్రజాతికే ఆ పేరు ఖాయం చేశారు. ఇప్పుడు ప్రపంచంలో ఏ దేశంవాడైనా ఈ చెట్టుని పిలవాలంటే తెలుగులో పిలవాల్సిందే. సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా.

మందుగా నిలబడలేదు మరి. 1820లో ఫ్రాన్సులో ఇద్దరు సింకోనా బెరడులోంచి క్వినైన్ విడదీశారు. దాంతో సోమిద పని అయిపోయింది. మామ్మకి ఆ వార్త నూటముప్పై ఏళ్ళు ఆలస్యంగా అందింది.

నేను ఎంఎస్సీ చదివేటప్పుడు ఈ 17వ బొమ్మ సంగతి ఒక పుస్తకం అడుగున చిన్నక్షరాల్లో చూశాను. అంతే, కూర్చోనివ్వలేదు. మామ్మ నా నోట్లో పోసినదాని బొమ్మ లండన్‌లో అచ్చయిందట! చూసి తీరాలి. 1963లో రైలెక్కి ఒక మహానగరం వెళ్ళాను. అక్కడో పెద్ద గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉందని తెలిసింది. పేరు చెప్పను, అప్పటి మనుషులూ ఇప్పుడు లేరు.

సత్రంలో దిగి, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. కౌంటరు దగ్గరాయన నా కాగితం చదివి, మీ ప్రొఫెసరు సంతకం ఉంది గానీ సీలు లేదన్నాడు. మర్నాడు సీలున్న ఇంకో కాగితం చూపిస్తే, ఆ పుస్తకం బీరువా తాళం ఇంకొకాయన దగ్గరుందన్నాడు. ఆయన సెలవు. మూడోరోజు నేను బెంచీ మీద అలాగే కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళకి బంట్రోతు ఒకాయన జాలిపడ్డాడు. ‘ఏ ఊరు బాబూ’ అన్నాడు. సామర్లకోట దగ్గరన్నాను. ‘మాది పిఠాపురం’ అన్నాడు. లోపలికెళ్ళి ఎవరికేం చెప్పాడో, పుస్తకం వచ్చింది. రెండు చేతులతో మోయాల్సిన పుస్తకం. అరగంట టైము. పెన్ను వాడకూడదు, కాగితం పైన పెట్టి దించకూడదు.

తెరిచాను. ఒక్కొక్క పేజీ చాపంత ఉంది. మొదటి బొమ్మ తణుకు చెట్టు. తిప్పుకుంటూ పోయి 17కి వచ్చాను. ఈకలా రెండువైపులా ఆకులు, లేత పూలగుత్తి, అయిదు చెక్కలుగా విచ్చుకున్న కాయ, దాంట్లోంచి రెక్కలున్న గింజ జారిపోతున్నట్టు. పక్కన తెలుగు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో. నేను పెన్సిలుతో కాయ బొమ్మ నా రైలు టైంటేబుల్ అట్ట మీద గీసుకున్నాను. గీస్తుంటే టైమైపోయిందన్నారు. మూడు రోజుల సత్రం ఖర్చు, రానుపోను ఛార్జీ, చేతికొచ్చింది ఆ ఒక్క కాయ.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. పుస్తకం జాగ్రత్తగా ఉండాలనే కదా వాళ్ళ తాపత్రయమూ. కానీ ఒక్కటి చెప్పండి. చెట్టు మనది, పేరు మనది, బొమ్మ వేసిన చెయ్యి ఈ దేశానిది. ఆ చెట్టు కింద పుట్టినవాడు ఆ బొమ్మ చూడాలంటే పిఠాపురం బంట్రోతు దయ కావాల్సివచ్చింది.

పరిశోధన పత్రాలదీ అదే గొడవ. మా కాలేజీకి వచ్చే జర్నళ్ళు రెండే రెండు. బయటి దేశంలో ఎవరో ఏదో కనిపెట్టారని తెలిస్తే, రీప్రింట్ కార్డని ఉండేది. పోస్టుకార్డు. ‘అయ్యా, తమరు ఫలానా జర్నల్లో రాసిన వ్యాసం ప్రతి ఒకటి పంపగలరు’ అని అచ్చువేసిన కార్డు, ఖాళీల్లో మనం నింపి, స్టాంపులంటించి పంపడమే. రెండు మూడు నెలలకి ఒక బ్రౌను కవరు వచ్చేది. పైన విదేశీ స్టాంపులు. ఆ స్టాంపులు మీ నాన్న చించుకునేవాడు. లోపల వ్యాసం, మూలన రాసినాయన సంతకం. ముక్కూమొహం తెలియని కుర్ర లెక్చరరుకి తన ఖర్చుతో పంపేవాళ్ళు. పదికి ఆరు వచ్చేవి. ఆ బొత్తి ఇంకా నా ట్రంకుపెట్టెలో ఉంది.

ఏంటమ్మా, ఇప్పుడు కూడా అంతేనా? ఒక్క వ్యాసం తెరవాలంటే ముప్పై నలభై డాలర్లు కట్టమంటోందా? కట్టకపోతే మీరేం చేస్తారు? రాసినాయనకి మెయిలు పెడతారా? అదుగో చూశావా, నా పోస్టుకార్డే అది. స్టాంపుల ఖర్చు మిగిలింది.

కట్టె కొంచెం ఎగదొయ్యండ్రా. ఆ.

మొన్న వేసవిలో ఈ పిల్ల డాబా మీద కూర్చుని గట్టిగా చదువుతోంది. ‘ఆల్ఫా బంగారోటాక్సిన్’ అంది. నేను కింద నుంచి, ఏంటమ్మా, బంగారమా అన్నాను. ‘కాదు తాతయ్యా, పాము విషం, బంగారస్ అనే పాము’ అంది. నేను నవ్వాపుకోలేకపోయాను.

విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అని ఇంకో దొర డాక్టరుండేవాడు. మన రాక్స్‌బర్గ్ కంటే ముందు కంపెనీ మొక్కల ఉద్యోగం ఆయనదే. కానీ ఆయన మనసంతా పాముల మీద. ఏ పాము కరిస్తే పోతారు, ఏది కరిస్తే పోరు, అది తెలిస్తే సగం ప్రాణాలు దక్కుతాయని. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పుస్తకం వేశాడు. ఆయనా పేర్లు అడిగి రాసుకున్నాడు. పసుపూ నలుపూ పట్టీలున్న పాముని మనవాళ్ళు బంగారు పాము అన్నారు. ఆయన ‘బంగారుమ్ పామా’ అని రాసుకున్నాడు. దాని నుంచే బంగారస్ అయింది. మన కట్లపాము కూడా ఆ కుటుంబమే. రక్తపింజరకి అప్పుడు మనవాళ్ళు చెప్పిన పేరు కాటుక రేకుల పొడ. ఎంత చక్కటి పేరో చూడండి! దాని వీపు మీద మచ్చలు కాటుక దిద్దిన రేకుల్లాగే ఉంటాయి. ఇప్పుడు లోకమంతా దాన్ని రస్సెల్స్ వైపర్ అంటుంది. కాటుక పోయి రస్సెల్ మిగిలాడు.

ఆ బంగారస్ జాతి పాము విషంలోంచే తైవాన్‌లో ఇద్దరు 1963లో ఈ బంగారోటాక్సిన్‌ని విడదీశారట. నేను బంట్రోతు దయ కోసం బెంచీ మీద కూర్చున్న ఏడే. నరం చెప్పిన మాట కండరం వినే చోటొకటి ఉంటుంది, ఈ విషం వెళ్ళి సరిగ్గా అక్కడ అతుక్కుంటుంది. అతుక్కుంటుంది కాబట్టి, దానికి గుర్తు తగిలించి పంపితే అలాంటి చోట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టొచ్చు. సాయంత్రానికి రెప్పలు వాలిపోయి, ముద్ద నమలలేక నీరసపడిపోయే జబ్బుందే, మయస్థీనియా గ్రావిస్, ఆ రోగుల్లో ఆ చోట్లే తగ్గిపోయాయని 1973లో అలా లెక్కపెట్టి తేల్చారు. ఇదంతా అమ్మాయి చెప్పిందే. విశాఖ గొల్లవాడో, పాములవాడో దొర అడిగితే ‘బంగారు పాము బాబూ’ అన్నాడు. ఆ మాట ఎక్కడిదాకా పోయిందో చూడండి.

ఇక అమెరికా సంగతి. మా రెండోవాడు సెయింట్ లూయిస్‌లో ఉంటాడు కదా. మీ నాయనమ్మా నేనూ వెళ్ళినప్పుడు అక్కడి మిస్సోరి బొటానికల్ గార్డెన్ చూపించాడు. హెన్రీ షా అని ఇనప సామాను అమ్మి గడించిన వర్తకుడు 1859లో పెట్టిన తోట. తోట ఒక్కటీ చాలదు, పుస్తకాలూ ఎండుమొక్కల బీరువాలూ కావాలని ఆయనకి నచ్చజెప్పినవాడు ఎంగెల్మన్ అనే డాక్టరు. చూశారా, ఎక్కడికెళ్ళినా డాక్టరే. గాజుగుడిసె ఒకటుంది, క్లైమట్రాన్ అంటారు, 1960లో కట్టారు. బయట మంచు, లోపల మన శ్రావణమాసం. తలుపు తీయగానే కళ్ళద్దాలకి ఆవిరి పట్టేసింది. తుడుచుకుని చూస్తే ఎదురుగా అరటిచెట్టు. మీ నాయనమ్మ అటూ ఇటూ చూసి ఆకు నిమిరింది. ‘పాపం, గెల వేసినా దీని బోదె పెరుగుపచ్చడి చేసే దిక్కు లేదు’ అంది.

అప్పుడు నాకు తెలీని సంగతి, ఇంటికొచ్చాక చాన్నాళ్ళకి ఈ పిల్ల చెప్పింది. ఆ తోట గ్రంథాలయంవాళ్ళు తమ దగ్గరున్న పాత పుస్తకాలు పేజీ పేజీ ఫొటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. వాళ్ళొక్కళ్ళే కాదు. న్యూయార్కు తోట, లండన్ క్యూ తోట, స్మిత్‌సోనియన్, ఇంకా బోలెడుమంది కలిసి 2006లో బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ అని మొదలెట్టారు. డబ్బు లేదు, సీలు లేదు, తాళం బీరువా లేదు. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతుంటే ఫోను తెచ్చి నా ముందు పెట్టి, ‘తాతయ్యా, ఇదేనా?’ అంది.

17వ బొమ్మ. అదే కాయ, అయిదు చెక్కలు, రెక్క గింజ. నేను టైంటేబుల్ అట్ట మీద గీసింది తెచ్చి పక్కన పెట్టాను. నాది ఒకవైపు వంకరగా వచ్చింది. యాభై ఏళ్ళు దాచుకున్న బొమ్మ, వంకరని ఆరోజే తెలిసింది. వేళ్ళతో పెద్దది చేసి చూపించింది. ఆకు ఈనెలు కనబడ్డాయి. కాఫీ చల్లారిపోయింది.

వైద్యం వ్యాసాలకీ అలాంటి చోటుందట. పబ్‌మెడ్ సెంట్రల్. అమెరికా ప్రభుత్వపు వైద్య గ్రంథాలయం 2000లో తెరిచింది. 2002లో బుడాపెస్ట్ పేరుమీద ఒక ప్రకటన చేశారు, శాస్త్ర పరిశోధన ఎవరైనా ఉచితంగా చదవగలగాలని. ఓపెన్ యాక్సెస్ అన్న మాట అప్పట్నుంచి గట్టిపడింది. నేను అడిగాను అమ్మాయిని, చలిజ్వరం గురించి పాతదేమైనా ఉందా చూడమ్మా అని. రొనాల్డ్ రాస్ వ్యాసం తీసింది. మన సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడే, ఆయన. ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన కాగితమే, ఉన్నదున్నట్టు. ఎన్ని దోమల మీద రాశాడో తెలుసా? రెండు. రెండంటే రెండు దోమలు. మామ్మ కషాయం మరిగించేనాటికి ఆ కాగితం పుట్టి యాభై ఏళ్ళు. గుమ్మం ముందు నీళ్ళ గుంట పూడ్చమని ఆవిడకి ఎవరూ చదివి వినిపించలేదు.

అందుకే నాకీ తాళాలంటే పడదు. ఇంకోటి కూడా చెబుతాను. 1995లో అమెరికాలో పసుపు మీద పేటెంటు ఇచ్చేశారు. పుండు మానడానికి పసుపు వాడటం మేం కనిపెట్టామని! మోకాలు దోక్కున్న ప్రతిసారీ మీ అమ్మలు చేసే పనే అది. మన దేశపు పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్‌వాళ్ళు దెబ్బలాడి 1997లో కొట్టేయించారు. ఎలా? మా అమ్మ వాడేది అంటే ఆఫీసులో చెల్లదు. అచ్చయిన కాగితం చూపించాలి. పాత సంస్కృత గ్రంథం ఒకటి, 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వచ్చిన వ్యాసమూ చూపించారు. ఎవరో మహానుభావుడు ఆరోజు రాసి అచ్చువేయబట్టి గెలిచాం. రాయకపోతే పోయేది. రాసి బీరువాలో పెట్టినా పోయేదే.

ఇందులో అంతా బంగారమేమీ కాదు. చదివేవాడి దగ్గర తీసుకునే టిక్కెట్టు డబ్బులు కొన్ని జర్నళ్ళు ఇప్పుడు రాసేవాడి దగ్గర వసూలు చేస్తున్నాయి, లక్షల్లో. మన చిన్న కాలేజీ కుర్రాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు? డబ్బిస్తే ఏ చెత్తయినా అచ్చువేసే దొంగ జర్నళ్ళూ పుట్టాయి. ఉచితంగా దొరికింది కదాని నమ్మేయకండి. సోమిద బెరడు జ్వరానికి మంచిదని రెండువందల ఏళ్ళ కిందటి పుస్తకంలో ఉందని ఎవడైనా ఫోన్లో పంపితే, మామ్మ మనవణ్ణి నేనే చెబుతున్నా, తాగకండి. రక్తపరీక్ష చేయించుకోండి.

ఇంకో లోటుంది, అది మనమే తీర్చాలి. ఆ పుస్తకాల్లో మన పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, దొర చెవికి వినబడినట్టు ఉన్నాయి. కొన్ని చదవగానే తెలిసిపోతాయి. కొన్ని ఎంత గింజుకున్నా అంతుపట్టవు. నేను ఒక నోట్సు పెట్టాను. బొమ్మ నంబరు, దొర రాసిన మాట, పక్కన తెలుగులో అసలు మాట, ఆ చెట్టు మన పక్కల ఎక్కడుందో. 300 బొమ్మల్లో నూటపదకొండు పూర్తయ్యాయి. నా కళ్ళు ఇంక సహకరించడం లేదు. అమ్మాయికి పరీక్షలు. మీలో ఎవరికి తీరికుంటే వాళ్ళు రండి, పక్కన కూర్చుని చదివి పెట్టండి. మీ ఊళ్ళలో ముసలివాళ్ళుంటారు, గొర్రెలు కాసినవాళ్ళు, ఆకుపసరు తెలిసినవాళ్ళు. పండగ పేరుతో ఎటూ వెళతారు కదా, ఆ పేరు వాళ్ళ నోట ఒకసారి పలికించుకుని రండి. వాళ్ళ పేరు కూడా అడిగి రాసుకోండి. ఈసారి చెప్పినవాడి పేరుండాలి పుస్తకంలో.

ఆ ముక్క ఇటివ్వరా, ట్రంకుపెట్టె మీద పెడతాను. రేపు ఇదే వేళకి రండి, ఫోను ఛార్జింగు పెట్టుకుని మరీ రండి. 21వ బొమ్మ మోదుగ.